శవానికో డైలాగు

సహకార అధికారిని ట్యాంకు తొక్కేసిన షాట్ మొదటి టేక్‌లోనే ఓకే అయింది.

డైరెక్టర్ మానిటర్‌లో రెండుసార్లు చూసుకుని, కాళ్ళు కొట్టుకోవడం చాలా సహజంగా వచ్చిందని మెచ్చుకున్నాడు. ఆ తర్వాతే ఎవరో వచ్చి ఆ మనిషి నటుడు కాదని చెప్పారు. సైన్యం తరఫున సెట్ మీద నిలబడి తప్పులు పట్టాల్సిన అసలు ఆఫీసరట. ట్యాంకు నడిపినవాడు ఆ రోజు ఉదయమే కొత్తగా చేరాడు. టీ తాగొస్తానని వెళ్ళి మళ్ళీ కనపడలేదు. డైరెక్టర్ కాసేపు తల దించుకుని నిలబడ్డాడు. తర్వాత ఆ షాట్ వాడుకోవడానికి అనుమతి కోరుతూ సైన్యానికి ఉత్తరం రాశాడు.

మర్నాడు ఉదయం పదింటికి ఆ ఉత్తరం పెదనాన్న టేబుల్ మీద ఉంది.

పెదనాన్న అంటే గూఢచారి విభాగానికి చీఫ్. ఆ పేరు ప్రేమతో పెట్టింది కాదు. ఎవరూ అడక్కుండానే అందరి బతుకులూ ఆయనే సెటిల్ చేసేస్తాడని పెట్టింది. ఆయన గది ఎంత రహస్యమంటే, ఊడ్చే మనిషికి కూడా అది ఎక్కడుందో చెప్పలేదు. పద్నాలుగేళ్ళ దుమ్ము పేరుకుని కుర్చీల కాళ్ళు పొట్టిగా కనిపిస్తాయి. ఆ దుమ్ములో పెదనాన్నకి ఎదురుగా కూర్చున్నవాడు ఏజెంట్ పిన్నీసు. సన్నగా వంగి ఉంటాడు, ఎప్పుడూ నోరు మూసుకునే ఉంటాడు, తెరిస్తే గుచ్చుకుంటాడు. అందుకని ఆ పేరు.

"పోయినవాడి స్థానంలో నువ్వెళ్తున్నావ్," అన్నాడు పెదనాన్న. "సినిమా సహకార విభాగం. ఎప్పుడైనా విన్నావా?"

పిన్నీసు విన్నాడు. సైన్యంలో వినని వాళ్ళుండరు. యుద్ధాలు లేనప్పుడు సైన్యం గెలిచేది అక్కడే. నిర్మాత ట్యాంకులు కావాలని దరఖాస్తు పెట్టుకుంటాడు, స్క్రిప్టు జత చేస్తాడు. విభాగంలో ఒక ఆఫీసరు ఎర్ర పెన్సిల్ పట్టుకుని దాన్ని చదువుతాడు. మన సైనికుడు భయపడితే కొట్టేస్తాడు. వెనక్కి తగ్గితే కొట్టేస్తాడు. ఇంటికి ఉత్తరం రాస్తూ ఏడిస్తే, ఏడుపు కొట్టేసి ఉత్తరం ఉంచుతాడు. అన్నిటికీ ఒప్పుకుని నిర్మాత సంతకం పెడితే ట్యాంకులొస్తాయి. ఈ సినిమా మొదట్లో ఓడిపోయిన యుద్ధం గురించి రాసుకున్నది. ఎనిమిది ట్యాంకులు అడిగేసరికి యుద్ధం డ్రా అయింది. తర్వాత హెలికాప్టర్ కూడా కావాలన్నారు. గెలిచాం.

పెదనాన్న బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగించాడు. కత్తెర అనే విదేశీ ముఠా సైన్యాధిపతిని చంపాలనుకుంటోంది. ఆ సైన్యాధిపతిని అందరూ పెద్దసారు అంటారు. పెద్దసారు మామూలు రోజుల్లో నాలుగు గోడలు, ఆరు కుక్కలు, పన్నెండు మంది గార్డుల మధ్య ఉంటాడు. కానీ ట్యాంకులు ఇచ్చినందుకు ఆయన ఒకే ఒక షరతు పెట్టాడు: క్లైమాక్సులో తన వేషం తనే వేస్తాడు. శనివారం మధ్యాహ్నం మూడింటికి, గెలిచిన యుద్ధభూమిలో, ఎత్తైన చెక్కవేదిక మీద సెల్యూట్ స్వీకరిస్తాడు. గార్డులు ఫ్రేములోకి రాకూడదు. ఎదురుగా యాభై మంది జూనియర్ ఆర్టిస్టులు సైనికుల వేషాల్లో గాల్లోకి ఉత్తుత్తి తూటాలు పేలుస్తారు. ఆ యాభైలో ఒకడి తుపాకీలో మాత్రం అసలు తూటా ఉంటుంది. అంత మోతలో ఎవడు కాల్చాడో ఎవరికీ తెలియదు. పాత సహకార అధికారి ఈ సంగతి సగం కనిపెట్టాడు. మిగతా సగం కనిపెట్టేలోపు ట్యాంకు వచ్చింది.

"షూటింగ్ ఆపేస్తే పోలేదా?" అన్నాడు పిన్నీసు.

"ఆపితే వాళ్ళు ఇంకోచోట కాలుస్తారు. ఇక్కడైతే మనకి కనీసం నాలుగు కెమెరాలున్నాయి."

తర్వాత పరికరాలు ఇచ్చాడు. ఒకటి చెవిలో పెట్టుకునే బుల్లి రిసీవర్. రెండోది మీసం. అందులో మైకు ఉంది. తుమ్మితే అవతల పెదనాన్నకి రెండు రోజులు చెవులు పనిచెయ్యవు కాబట్టి తుమ్మొద్దన్నాడు. మూడోది ఎర్ర పెన్సిల్. గీస్తే గీస్తుంది. చివరున్న రబ్బరు పూర్తిగా తిప్పి నొక్కితే ఒక తూటా వెళుతుంది.

"ఒకటేనా?"

"నీకు రెండోది కావాల్సొచ్చిందంటే, నీ స్థానంలో ఎవర్ని పంపాలో నేను ఆలోచించుకోవాలి."

*

ఇంట్లో పిన్నీసు సైన్యపు స్టేషనరీ సెక్షన్‌లో గుమాస్తా. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా భార్యకి తెలిసింది అంతే. భుజానికి తూటా తగిలిన రోజు స్టేప్లర్ పేలిందని చెప్పాడు. ఆవిడ నమ్మింది. ఆ తర్వాత ఇంట్లో స్టేప్లర్ కొననివ్వలేదు.

సినిమా విభాగానికి బదిలీ అయిందని చెప్పగానే ఆవిడ గరిటె పక్కనపెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది. సంగతి ఆవిడ తమ్ముడి గురించి. ఆ తమ్ముడు జూనియర్ ఆర్టిస్టు. పదకొండేళ్ళుగా శవం వేషాలే వేస్తున్నాడు. రెండు వందల పద్నాలుగు సినిమాల్లో చచ్చిపోయి ఉన్నాడు, ఒక్కదాంట్లో కూడా చచ్చిపోతూ లేడు. చావడం వేరే వాళ్ళు చేస్తారు, పడుకోవడం ఇతను చేస్తాడు. రెండు నిమిషాల పది సెకన్లు ఊపిరి బిగబట్టగలడు. కనుగుడ్డు మీద ఈగ వాలినా రెప్ప వెయ్యడు. అక్క పెళ్ళి ఫొటోల్లో కూడా అలవాటు కొద్దీ చచ్చిపోయినట్టే పడ్డాడు. చూసిన చుట్టాలు పరామర్శించి వెళ్ళారు.

"వాడు తెర మీద ఒక్క మాట మాట్లాడితే వినాలనుందండీ," అంది ఆవిడ. "మీరు సైన్యం తరఫున చెబితే కాదంటారా?"

చూస్తానన్నాడు పిన్నీసు. ట్యూబ్‌లైట్ గురించి కూడా రెండేళ్ళ కిందట ఇలాగే చూస్తానన్నారని ఆవిడ గుర్తుచేసింది. ఇద్దరూ ఆ చీకట్లోనే కూర్చుని ఉన్నారు.

ఆ సాయంత్రం బావమరిది వచ్చాడు. డైలాగు సంగతి ఎత్తితే సిగ్గుపడ్డాడు. తనకి తెలిసిన ప్రపంచం వేరన్నాడు. నేల మీద బోర్లా పడుకుని చూస్తే మనుషులకి మొహాలుండవట, బూట్లే ఉంటాయట. హీరోకి కుడి మడమ అరుగుతుందని, డైరెక్టర్‌కి ఆనెకాయ ఉందని చెప్పాడు. ఫలానావాడు ఫలానా పాటలో డూపని తనకి మాత్రమే తెలుసని కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ పిన్నీసు కాళ్ళ వైపే చూశాడు.

"నీకు మాట రాకుండా చూసుకో బావా," అన్నాడు వెళ్తూ వెళ్తూ. "నీ ముందున్న ఆఫీసర్ని తప్పులు పట్టుకోలేదనే ట్యాంకు కింద పడేశారని సెట్‌లో అంటున్నారు."

*

షూటింగ్ జరుగుతున్నది సైన్యపు పాత ఫైరింగ్ రేంజిలో. పిన్నీసు మీసం పెట్టుకుని, ఇస్త్రీ యూనిఫాంలో వెళ్ళి, మొదటి రోజే అందరికీ విసుగు పుట్టించాడు. మారువేషంలో అదే ముఖ్యం. తప్పులు పట్టని సహకార అధికారిని ఎవరైనా అనుమానిస్తారు.

శవాల వరస సరిచేశాడు. మన సైనికుడు వెల్లకిలా పడి చావకూడదు. ముందుకు దూకుతూ బోర్లా పడి చావాలి. శత్రువు ఎలా చచ్చినా అభ్యంతరం లేదు. వరస సరిచేశాక బూట్లు చూశాడు. సహకార విభాగంలో అన్నిటికన్నా పాత రూలు బూటు లేసులది. అసలు సైనికుడి లేసులు నిచ్చెన మెట్లలా అడ్డంగా, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. సినిమా సైనికుడి లేసులు మాత్రం ఇంటూ మార్కుల్లా అడ్డదిడ్డంగా కట్టాలి. కాస్ట్యూమ్ దొంగిలించి ఎవడైనా నిజం బ్యారక్‌లోకి నడిచొస్తే గేటు దగ్గర సెంట్రీ మొహం చూడడు, కాళ్ళు చూస్తాడు. ఈ రహస్యం విభాగానికీ కాస్ట్యూమ్ వాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు. జూనియర్ ఆర్టిస్టులకి ఇలాగే కట్టుకోవాలని మాత్రం చెబుతారు, ఎందుకో చెప్పరు.

మొదటి ఉదయమే ఒక ముసలి ఆర్టిస్టు నిచ్చెన లేసులతో దొరికాడు. మనవడు కట్టాడండీ, చూసుకోలేదండీ అన్నాడు. పిన్నీసు అతన్ని అక్కడికక్కడే ఇంటికి పంపేశాడు. ముసలాయన బస్సు లేక ఎండలో ఏడు కిలోమీటర్లు నడిచి వెళ్ళాడు. అందరూ చూశారు. శవాల వరసలో పడుకుని బావమరిది కూడా చూశాడు. పిన్నీసుకి ముసలాయన మీద కోపమేం లేదు. మారువేషానికి బాగుంటుందనిపించింది, అంతే.

ఆ మధ్యాహ్నం కాస్ట్యూమ్స్ టెంట్‌లోకి వెళ్ళి, కుట్టుమిషన్ దగ్గర వంగి ఉన్న ఆడమనిషిని అడిగాడు. "ఇంటర్వెల్ ఎక్కడ పడుతుంది?"

"పడదు. సైన్యం తీసేయించింది," అంది ఆమె తల ఎత్తకుండా.

కోడ్ సరిపోయింది. ఆమె కాస్ట్యూమ్ మేడమ్. ఆమె సెట్ మీద నడిస్తే లైట్లు పట్టుకున్నవాళ్ళు హీరోయిన్ని చీకట్లో వదిలేసి లైట్లు ఇటు తిప్పేవాళ్ళు. కెమెరామన్ రెండుసార్లు నిచ్చెన మీద నుంచి పడ్డాడు. పెదవుల మధ్య ఎప్పుడూ ఆరు గుండుసూదులుండేవి, మాటలు వాటి సందుల్లోంచి వచ్చేవి. ఆమె కత్తెర ముఠాకి పనిచేస్తుంది. పెదనాన్నకీ పనిచేస్తుంది. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎవరికి ఎక్కువ పనిచేస్తుందో మాత్రం ఇద్దరికీ తెలియదు.

కాల్చేవాడు ఎవడని పిన్నీసు అడిగాడు. మొహం తెలియదంది. కొలతలు తెలుసట. ఛాతీ నలభై, నడుము ముప్పై రెండు, బూటు తొమ్మిది.

"ఇక్కడ సగం మందివి ఇవే కొలతలు."

"అందుకే నీకో గుర్తు పెడతా. వాడి డ్రెస్సు నా చేతిలోంచే వెళ్ళాలి కదా. అందరికీ భుజం పట్టీ గుండీ ఆకుపచ్చ దారంతో కుట్టాను. వాడికి నల్ల దారంతో కుడతాను. ఎడమ భుజం. చూడగానే కాల్చెయ్, వాడికి టైమివ్వకు." ఆమె ఒక సూది తీసి అతని పెదవి పైన మెల్లగా ఆనించింది. "మీసం ఊడుతోంది."

పిన్నీసు మీసం నొక్కుకున్నాడు. చెవిలో పెదనాన్న గొంతు, ఆమెని నమ్మమంది. పెదనాన్న ఎవర్నైనా నమ్మమనడం పద్నాలుగేళ్ళలో అదే మొదటిసారి. దుమ్ము గొంతులోకి పోయిందేమో అనుకున్నాడు పిన్నీసు.

*

శనివారం మూడింటికి పది నిమిషాలుంది. పెద్దసారు వేదిక ఎక్కాడు. సెల్యూట్ ఎలా స్వీకరించాలో డైరెక్టర్ చూపించబోతే, నలభై ఏళ్ళుగా స్వీకరిస్తున్నానన్నాడు. అయినా అద్దం తెప్పించుకుని ఒకసారి చూసుకున్నాడు. వేదికకి ఎదురుగా యాభై మంది రెండు వరసల్లో తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. ఆ వరసలకీ కెమెరాకీ మధ్య గడ్డిలో ఇరవై శవాలు బోర్లా పడుకుని ఉన్నాయి. మోకాళ్ళెత్తు గడ్డి కాబట్టి నిలబడినవాళ్ళ పాదాలు పైనుంచి ఎవరికీ కనపడవు.

పిన్నీసు పెన్సిల్ చేత్తో పట్టుకుని వరసల మధ్య నడిచాడు. భుజాలు చూశాడు. ఆకుపచ్చ. ఆకుపచ్చ. ఆకుపచ్చ. మొదటి వరసలో ఇరవై అయిదు మంది, రెండో వరసలో ఇరవై అయిదు మంది, అన్నీ ఆకుపచ్చే. డైరెక్టర్ మెగాఫోన్ తీసి, సైన్యంవారు దయచేసి ఫ్రేములోంచి బయటికి రావాలన్నాడు. పిన్నీసు శవాల మీదుగా దాటుకుంటూ వస్తున్నాడు. మూడో శవం ఎడమ భుజం మీద గుండీ కనిపించింది. నల్ల దారం.

శవం పొట్ట కింద తుపాకీ ఉంది. మెడ వెనక చిన్న పుట్టుమచ్చ ఉంది. పిన్నీసు భార్యకి కూడా సరిగ్గా అదే చోట అలాంటిదే ఉంది.

"దొరికాడు," అన్నాడు మీసంలోకి.

"కాల్చు," అన్నాడు పెదనాన్న.

"మా ఆవిడ తమ్ముడు."

అవతల కాగితం తిప్పిన చప్పుడు.

"అయితే తల మీద కాల్చకు. ఇంట్లో మొహం చూపించాలి కదా."

మొదట పిన్నీసు నమ్మలేదు. తర్వాత నమ్మడం మొదలుపెట్టాడు, అదే అతని వృత్తి. పదకొండేళ్ళు కదలకుండా పడుకోగలిగినవాడు దేనికైనా ఓపిక పట్టగలడు. శవాన్ని ఎవరూ సోదా చెయ్యరు. శవం చేతిలో తుపాకీ ఉందని ఎవరూ అడగరు. ఛాతీ నలభై, నడుము ముప్పై రెండు. పోయిన పండక్కి చొక్కా కొన్నది తనే. డైలాగు వద్దని సిగ్గుపడినవాడు, ఎప్పుడూ కాళ్ళ వైపే చూసేవాడు. ఆలోచిస్తున్నకొద్దీ అన్నీ అతుకుతున్నాయి. అతికిన కొద్దీ పిన్నీసుకి మనసు తేలికపడింది, ఇది మాత్రం అతను తర్వాత ఎవరికీ చెప్పలేదు.

పెన్సిల్ మొన పుట్టుమచ్చకి గురిపెట్టాడు. రబ్బరు సగం తిప్పాడు.

"రోలింగ్," అన్నాడు డైరెక్టర్. "సెల్యూట్. ఒకటి."

యాభై తుపాకులు పైకి లేచాయి. పెద్దసారు గడ్డం ఎత్తాడు.

"రెండు."

అప్పుడు శవం రెండు వేళ్ళ ఎత్తు తల లేపింది. పెదవులు పెద్దగా కదలకుండా, మెడ తిప్పకుండా మాట్లాడింది.

"బావా, రెండో వరసలో ఆరోవాడి లేసులు నిచ్చెనలా ఉన్నాయి. నీకు మాటొస్తుంది."

అసలు తూటా గురించి, ముఠా గురించి బావమరిదికి ఏమీ తెలియదు. కాస్ట్యూమ్ తప్పుంది, ఎవరి కళ్ళలోనైనా పడుతుంది, బావ ఉద్యోగం పోతుంది. అతను చూసింది అంతే. దానికోసం పదకొండేళ్ళలో మొదటిసారి షాట్ మధ్యలో కదిలాడు.

చెవిలో పెదనాన్న అన్నాడు: "కదిలాడు. కాల్చు."

పిన్నీసు రబ్బరు పూర్తిగా తిప్పాడు. మొన రెండో వరస వైపు తిప్పి, ఆరోవాడి మీద నొక్కాడు.

"మూడు," అన్నాడు డైరెక్టర్.

నలభై తొమ్మిది తుపాకులు గాల్లోకి మోగాయి. యాభయ్యోది అప్పటికే వేదిక వైపు వాలి ఉంది. పట్టుకున్నవాడి గుండెలో పెన్సిల్ తూటా దిగగానే అతను గిర్రున తిరిగాడు. గొట్టం పెద్దసారు మీదనుంచి గడ్డి మీదకి వాలింది. అసలు తూటా అప్పుడు పేలింది. అది శవాల మీదుగా నేలకి జానెడు ఎత్తులో వెళ్ళింది. అన్ని శవాలూ నేలకి అంటుకుని ఉన్నాయి. ఒక్క శవమే తల ఎత్తి ఉంది. తూటా ఒకవైపు నుంచి గొంతులోకి దూరి రెండోవైపు నుంచి వెళ్ళిపోయింది.

పెద్దసారు సెల్యూట్ స్వీకరించాడు. ఆయనకి ఏమీ తెలియలేదు. దిగివచ్చి, తన మొహం మీద నీడ పడిందా అని అడిగాడు.

డైరెక్టర్ మానిటర్ ముందు వంగి చూసుకుంటున్నాడు. ఆరోవాడు పడటం అద్భుతం అన్నాడు. గడ్డిలో గొంతు పట్టుకుని కొట్టుకుంటున్న శవాన్ని చూసి మాత్రం పెదవి విరిచాడు. శవంగారు ఇన్నేళ్ళ అనుభవం ఉండి కూడా ఓవర్ యాక్షన్ చేస్తున్నారన్నాడు.

*

చచ్చిపోయిన ఆరోవాడి సంగతి తర్వాత తేలింది. వాడు పరాయి దేశంలో ఇరవై రెండేళ్ళు సైన్యంలో చేసిన సార్జెంటు. ఉదయం తనిఖీలో వాడి లేసులు ఇంటూ మార్కుల్లానే ఉన్నాయి. లంచ్ తర్వాత చెట్టు కింద కూర్చుని విప్పి మళ్ళీ కట్టుకోవడం ఒక కెమెరాలో దొరికింది. అడ్డదిడ్డంగా కట్టిన బూటుతో తుపాకీ ఎత్తడం వాడి వల్ల కాలేదు. ఎంత జాగ్రత్తగా కట్టుకున్నాడంటే, విప్పడానికి పోస్ట్‌మార్టం డాక్టరు కత్తి వాడాల్సి వచ్చింది.

మేడమ్ టెంట్‌లోనే ఉంది. పారిపోలేదు, బొత్తాలు కుడుతోంది. ముఠాకి పనిచెయ్యడం వల్ల ముఠా మనిషికి ఆకుపచ్చ దారం కుట్టానంది. విభాగానికి కూడా పనిచేస్తాను కాబట్టి నల్ల దారం ఎవరికో ఒకరికి కుట్టాలిగా అంది.

"వాడికే ఎందుకు?" అన్నాడు పిన్నీసు.

"వాడు కదలడు కదా. కదలనివాణ్ణి కాల్చడం నీకు తేలికని." ఆమె దారం పళ్ళతో తెంపింది. "ఇంకాస్త ముందు కాల్చేస్తావనుకున్నా. గురి పెట్టాక అంతసేపు ఆగుతావని ఎవరూ చెప్పలేదు."

పిన్నీసుకి ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ కనపడలేదు.

మర్నాడు డైరెక్టర్, మొదటి రోజు ట్యాంకు షాట్‌లో ఫోకస్ తప్పిందని, రీటేక్‌కి అనుమతి కావాలని రాశాడు. మామూలుగా అలాంటి ఉత్తరానికి జవాబు రావడానికి ఆరు వారాలు పడుతుంది. పెదనాన్న గంటలో ఒప్పుకున్నాడు. ఈసారి పడుకునే మనిషిని విభాగమే పంపుతుందని, కాస్ట్యూమ్స్‌కి వేరే మనిషిని చూసుకోమని కింద రాశాడు. రీటేక్ కూడా మొదటిసారికే ఓకే అయింది. షాట్ అయ్యాక గడ్డిలో ఆరు గుండుసూదులు దొరికాయి. కొత్త కాస్ట్యూమ్స్ మనిషి వాటిని తుడుచుకుని వాడుకుంది.

*

బావమరిది బతికాడు. గొంతు పోయింది. ఇక ఒక్క అక్షరం కూడా బయటికి రాదని డాక్టర్లు చెప్పారు. మంచం మీద కూర్చోగానే పలక అడిగి తీసుకుని, బావకి రాసి చూపించాడు.

"నువ్వు లేకపోతే చచ్చిపోయేవాణ్ణి బావా."

పక్కనే నిలబడ్డ అక్క అది చదివి మొగుడి చెయ్యి పట్టుకుంది. పిన్నీసు ఆ చేతిని అలాగే ఉండనిచ్చాడు. స్టేప్లర్ సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పగలిగే మాట ఏదైనా దొరుకుతుందేమోనని చూశాడు, దొరకలేదు. పాపం, వాడు మాట్లాడాడట కదండీ, అంది ఆవిడ బయటికొచ్చాక. సినిమాలో పడిందట కదా. ఏమన్నావురా అంటే తెర మీదే వినమని రాశాడు. ఇక వాడి గొంతు వినాలంటే అదొక్కటేగా.

నిజంగానే పడింది. సౌండ్ వాళ్ళ మైకు దగ్గర్లోనే ఉంది. డైరెక్టర్‌కి ఆ మాట తెగ నచ్చింది. సినిమా మొత్తంలో మనిషి మాట్లాడినట్టున్న డైలాగు అదొక్కటేనని, బహుశా రచయిత రాయకపోవడం వల్లనేమోనని అన్నాడు. తీసెయ్యకండని సహకార విభాగాన్ని బతిమాలాడు.

ఫైనల్ స్క్రిప్టు పిన్నీసు టేబుల్ మీదకొచ్చింది. పక్కన పెదనాన్న కూర్చున్నాడు. ఆ మాట ఉంచితే లేసుల రహస్యం దేశమంతా వింటుందన్నాడు. పైగా రూలు ప్రకారం మన శవాలు మాట్లాడవు. మాట్లాడితే ప్రాణం ఉండగానే సైన్యం వదిలేసి వెళ్ళిందని అర్థం వస్తుంది.

"ఇంట్లో అడుగుతారు సార్," అన్నాడు పిన్నీసు.

"అడుగుతారు. నువ్వు చూస్తానను."

పిన్నీసు ఎర్ర పెన్సిల్ తీశాడు. తూటా అయిపోయినా గీత బాగానే పడింది.

రిలీజు రోజు ముగ్గురూ మ్యాట్నీకి వెళ్ళారు. అక్క మధ్యలో కూర్చుంది, తమ్ముడు పలక ఒళ్ళో పెట్టుకున్నాడు. సినిమా అంతా ఆవిడ శ్వాస బిగబట్టే ఉంది. క్లైమాక్స్ వచ్చింది. వేదిక, పెద్దసారు, యాభై తుపాకులు. గడ్డిలో ఒక శవం రెండు వేళ్ళ ఎత్తు తల లేపింది. పెదవులు కదిలాయి.

"నా దేశం బతికే ఉంది," అంది శవం, పెద్దసారు గొంతుతో.

పెదవుల కదలిక వృథా పోకూడదని ఆయనే స్టూడియోకి వెళ్ళి డబ్బింగ్ చెప్పాడు. పంతొమ్మిది టేకులు తీసుకున్నాడు. హాలంతా చప్పట్లు. ముందు వరసలో ఎవరో లేచి నిలబడి సెల్యూట్ చేశారు. అక్క చాలాసేపు తెర వైపే చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"అది వాడి గొంతు కాదండీ. వాడు అసలేమన్నాడు?"

"వినపడలేదు," అన్నాడు పిన్నీసు. "మోతగా ఉంది."

తమ్ముడు అక్క భుజం తట్టి పలక మీద ఏదో రాశాడు. చీకట్లో కనపడక లైట్లు వెలిగేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. వెలిగాక బావకి కూడా కనపడేలా ఎత్తి చూపించాడు.

"తర్వాతి సినిమాలో శవం కాదు బావా, ప్రమోషన్ వచ్చింది. గాయపడ్డవాణ్ణి. మూలుగు పెద్దసారు మూలుగుతారట."